పండు దోసకాయ రంగు

మొన్న పొద్దున్నే మా బావగారు అద్దంకి నుంచి ఫోన్ చేశారు. బావగారంటే మా అక్క మొగుడు. ఆయన నాకు ఫోన్ చేశారంటే ఏదో పని పడిందన్నమాటే. ఎలా ఉన్నావని అడగడానికి చేసిన పాపాన ఏనాడూ పోలేదు. "అమ్మాయ్, ఇంటికి మళ్ళీ రంగులు వేయిస్తున్నా. ఈసారి మొత్తం మీ అక్క ఇష్టం. ఏ రంగంటే ఆ రంగు. నేనడిగితే చెప్పట్లా. నువ్వొకసారి వచ్చి అడిగి పో," అన్నారు. ఇంకొకరైతే సంతోషపడేవారేమో. నాకు మాత్రం ఒళ్ళు మండింది. ఇల్లు కట్టిననాడు అడగాల్సిన మాట ఈ మనిషి నోట్లోంచి ఊడిపడటానికి ఇన్నేళ్ళు పట్టింది. అయినా అక్క కోసం బయల్దేరాను. గుంటూరులో బస్సెక్కి కిటికీ పక్కన కూర్చున్నాక, దారి పొడుగునా పత్తి చేలు చూస్తూ ఆయన్ని మనసులో తిట్టుకోవడం తప్ప నాకు వేరే పని లేకపోయింది.

మా చిన్నతనం చీరాల పక్కన పల్లెలో గడిచింది. ఏడాదికోసారి బట్టలు కొనడానికి నాన్న మా ఇద్దర్నీ చీరాల తీసుకెళ్ళేవాడు. బజారుకి వెళ్ళే దారిలో ఒక ఇల్లుండేది. ఎవరిదో మాకు తెలియదు. పెద్ద ఇల్లేమీ కాదు. కానీ గోడలన్నీ బాగా పండిన దోసకాయ రంగు, కిటికీల చుట్టూ తెల్లటి పట్టీలు. సాయంత్రం ఎండ పడితే ఆ గోడలు కోసిన దోసకాయలాగానే చల్లగా కనిపించేవి. మగ్గాల చప్పుడు, సైకిలు బెల్లులు, జనం మధ్య అక్క అక్కడ ఠక్కున ఆగిపోయేది. "ఏమే, కొంటావా ఏంటి ఆ ఇల్లు? నడు!" అని నాన్న కసిరేవాడు. నడుస్తూనే నా చెవిలో చెప్పేది, తను ఇల్లు కట్టుకుంటే ఇదే రంగు వేయించుకుంటానని. పిల్లల కోరికలు పిల్లతనంతో పోతాయంటారు. ఇది పోలేదు. పెళ్ళయ్యాక వాళ్ళు అద్దంకిలో ఎన్నో అద్దె ఇళ్ళు మారారు. ఒకచోట గోడలు గులాబీ, ఒకచోట పాచి పచ్చ, ఒకచోట ఫలానా రంగని చెప్పలేని రంగు. ప్రతి ఇంట్లో అడుగు పెట్టగానే అక్క ఒకటే మాట అనేది, "మన ఇల్లు అయితేనా!"

బావగారిది ఎరువులు, పురుగుమందుల కొట్టు. మిరపకు ఏ తెగులొచ్చినా ఆయన దగ్గర మందుండేది. ఆయన పిరికితనానికి మాత్రం ఏ కంపెనీ మందూ తయారు చేయలేదు. సొంత ఇల్లు పూర్తయి, గోడలకి లప్పం పెట్టేదాకా వచ్చాక అక్క రంగు సంగతి చెప్పింది. ఆయన మొహం పాలిపోవడం నేను కళ్ళారా చూశాను. "పసుపా? పసుపు ఒక పార్టీదే! రేపు రెండో పార్టీ వాళ్ళు మన కొట్టు మెట్లెక్కుతారా? నన్ను బజార్న పడేస్తావా ఏంటి?" అన్నారు. ఈ ప్రాంతం కానివాళ్ళకి ఇది నవ్వులాటగా అనిపించవచ్చు. మావైపు నీళ్ళ ట్యాంకు రంగు మారితే ఎవరు గెలిచారో చెప్పేస్తారు. పంచాయతీ ఆఫీసు సంగతి వేరు. పడుకుని లేచే కొంపకి కూడా జెండా భయం పెట్టుకున్న మనిషి మాత్రం మా చుట్టాల్లో ఈయనొక్కడే.

ఆ సాయంత్రం వరండాలో పెద్ద సభ జరిగింది. బావగారు, కొట్టు పక్కన కొట్టు ఉన్న ఆయన స్నేహితుడు, వాస్తు చెప్పే సిద్ధాంతి గారు, పెయింటు మేస్త్రీ. మధ్యలో షేడ్ కార్డు. అందులో ఉన్న రంగులన్నింటికీ ఏదో ఒక పార్టీ, లేకపోతే ఒక మతం అంటించి ఒక్కొక్కదాన్నే కొట్టేశారు. పసుపు పోయింది. నీలం ఇంకో పార్టీదని పోయింది. ఆకుపచ్చ, కాషాయం, ఎరుపు వరసగా పోయాయి. తెలుపు వేస్తే అందరి జెండాల్లోనూ కాస్తో కూస్తో ఉంటుంది కదా అని స్నేహితుడంటే, కాయలు కల్లాల్లో ఆరబోసే రోజుల్లో ఎర్రదుమ్ము కొడుతుందని సిద్ధాంతి గారు కొట్టేశారు. వాస్తు శాస్త్రంలో మిరపకాయల దుమ్ము గురించి ఉందని నాకు ఆనాడే తెలిసింది. మేస్త్రీ చాలాసేపు ఓపిక పట్టి, "ఏ రంగూ పనికిరాదంటే ఇట్టాగే వదిలెయ్యండి సారూ. నాకూ శ్రమ తప్పుద్ది, మీకూ భయం తప్పుద్ది," అన్నాడు. ఆ మాట బావగారికి సలహాలా వినిపించింది. అక్క వాళ్ళందరికీ టీ ఇచ్చి, గ్లాసులు తీసుకుని లోపలికెళ్ళింది. నలుగురిలో ఒక్కరు కూడా ఆవిడ వంక తల తిప్పలేదు.

చివరికి బూడిద రంగు వేయించారు. ఖరీదైన కంపెనీదే, రెండు కోటింగులు. గృహప్రవేశానికి వచ్చిన చుట్టాలు బంతి భోజనాలు చేసి, చేతులు కడుక్కుంటూ, "సిమెంటు పూతలు బాగా వచ్చినయ్, ఇక రంగులెప్పుడు వేయిస్తారు?" అని అడిగి వెళ్ళారు. బావగారు ప్రతివాడికీ, "వేయించాం, ఇదే రంగు," అని చెప్పుకుంటూ తిరిగారు. పొట్టచెక్కలయ్యేలా నవ్వాల్సింది. అక్క మొహం చూసి నవ్వలేకపోయాను.

ఆ తర్వాత ఎన్నికలొచ్చాయి. పసుపు పార్టీ గెలిచింది. లెక్కింపు పూర్తయిన వారం తిరగకుండానే ఇంటి చుట్టూ పరంజాకి సరుగుడు బాదులు లేచాయి. అక్క ఫోన్‌లో, "రావే, ఇంటికి పసుపు వేయిస్తున్నారు!" అంది. ఆ గొంతులో పిల్లతనం ఇప్పటికీ నా చెవుల్లో ఉంది. పరుగున వెళ్ళాను. వెళ్ళేసరికి బావగారు గేటు దగ్గర నిలబడి, ఒక చేత్తో జెండా గుడ్డముక్క, ఒక చేత్తో షేడ్ కార్డు పట్టుకుని ఎండలో తిప్పి తిప్పి సరిపోల్చుతున్నారు. "ఏవండీ, కాస్త లేతగా వేయిస్తే..." అని అక్క నసిగింది. "లేతగా వేస్తే మొహమాటానికి వేసినట్టుంటుందే! ముదురుగా ఉంటేనే మనవాడంటారు!" అన్నారు. గోడ మీద పడింది దోసకాయ రంగు కాదు. కళ్ళు పొడిచే రంగు. వీధిన పోయేవాళ్ళు చెయ్యి అడ్డం పెట్టుకుని చూసేవాళ్ళు. ఆయన ఎదురుచూసిన నాయకుడు మాత్రం ఎన్నిసార్లు ఆ వీధిన పోయినా ఒక్కసారి కారద్దం దించి ఆ గోడల వంక చూసిన పాపాన పోలేదు. "పోనీలే, పసుపేగా," అని అక్క నాకు నచ్చజెప్పింది. నచ్చజెప్పుకోవాల్సింది తను.

మళ్ళీ ఎన్నికలు. ఈసారి రెండో పార్టీ. ఇల్లు నీలం. తొందరలో పాత పసుపు సరిగా గీకించకపోవడంతో వానాకాలం వచ్చేసరికి పెచ్చులూడి అక్కడక్కడా పసుపు బయటపడింది. బావగారు తెల్లారకముందే స్టూలు వేసుకుని, డబ్బాలో మిగిలిన నీలంతో ఆ మచ్చల్ని స్వయంగా కప్పుకునేవారు. ఆయన్ని ఎవరూ ఏమీ అనలేదు. రైతు మందు కొనేటప్పుడు పురుగు చస్తుందా లేదా అని చూస్తాడు గానీ, కొట్టువాడి ఇంటి గోడ చూడడు. ఆ చిన్న సంగతి జీవితమంతా కొట్లో కూర్చున్న మనిషికి తెలియలేదంటే ఏమనాలి? పిరికివాణ్ణి క్షమించవచ్చు. పిరికితనాన్ని తెలివితేటలని చెప్పుకు తిరిగేవాణ్ణి నేనైతే క్షమించలేను.

ఆపైన ప్రభుత్వం మళ్ళీ మారింది. ఈసారి ఇల్లు మారలేదు. ఎందుకంటే బావగారు అప్పటికి కొట్టు అమ్మేశారు. పోగొట్టుకోవడానికి ఏమీ మిగలకుండా పోయాక ఆయనకు ధైర్యం వచ్చింది. ధైర్యంతో పాటు పెళ్ళాం కూడా జ్ఞాపకమొచ్చింది.

బస్సు దిగి ఇంటికి వెళ్ళేసరికి ఆయన వరండాలో పడక్కుర్చీలో కూర్చుని ఫోన్ చూస్తున్నారు. అందులో ఇంటి ఫొటో పెట్టి, వేలితో తాకితే రంగులు మారుతున్నాయట. "చూడమ్మాయ్, ఇదిగో మీ అక్క చెప్పే దోసకాయ! ఇప్పుడు నన్నెవడు అడిగేదీ?" అన్నారు, తానే కనిపెట్టినట్టు. నేను నేరుగా పెరట్లోకి నడిచాను. మాట్లాడితే బస్సులో కూడబెట్టుకున్నవన్నీ బయటికొచ్చేలా ఉన్నాయి.

అక్క పెరటి వసారాలో స్టూలు మీద కూర్చుని చాటలో ఎండు మిరపకాయల తొడిమలు తీస్తోంది. నన్ను చూసి నవ్వి, ఘాటుకి ఒకసారి తుమ్మి, "ఎండలో ఎందుకొచ్చావే?" అంది. నేను ఎదురుగా చతికిలబడి, "ఏ రంగు కావాలో చెప్పక్కా. ఆయన నువ్వేం చెప్తే అది వేయిస్తానంటున్నారు. దోసకాయ రంగే వేయిద్దాం. కిటికీలకి తెల్ల పట్టీలు కూడా. నేను దగ్గరుండి వేయిస్తా," అన్నాను. ఒక్క ఊపిరిలో అనేశాను.

అక్క చేతిలో కాయ చాటలో వేసి, మోకాళ్ళు నిమురుకుంది. తర్వాత, "అది వీధిలో నిలబడి చూసుకునే రంగే. ఈ మోకాళ్ళతో గేటు దాకా కూడా పోలేకపోతున్నా. రోజంతా ఈ వసారాలోనేగా ఉండేది. నాకేం కనపడుద్ది చెప్పు?" అంది.

"పోనీ మేమే చెయ్యి పట్టుకుని తీసుకెళ్ళి చూపిస్తాం."

"వద్దులేవే. దుమ్ము కనపడని రంగేదన్నా చూడమను. పనిమనిషి సరిగా రావట్లా."

కోపంగా అన్నా బాగుండేది. ఏడ్చినా బాగుండేది. మార్కెట్లో వంకాయలు బాగా లేకపోతే బెండకాయలు తెమ్మన్నంత మామూలుగా అంది. అని, ఇంకో కాయ తీసుకుంది. వరండాలోంచి బావగారు, "ఏమందీ?" అని కేకేశారు. ఆ గొంతులో నిజంగానే ఆత్రం ఉంది. ఇవాళ ఆయన మనస్ఫూర్తిగానే అడుగుతున్నారని నాకు అర్థమైంది. ఆయన మీద నాకున్న అసహ్యం అందుకు తగ్గలేదు, ఇంకొంచెం పెరిగింది. "ఇంకా ఆలోచించుకుంటోంది," అని అబద్ధం చెప్పి, చాట నా ఒళ్ళోకి లాక్కుని తొడిమలు తీయడం మొదలుపెట్టాను.

కాలం మనిషి అడిగినవన్నీ కాదనదు. అడిగిన మనిషి వేరే మనిషి అయ్యేదాకా ఆగి, ఆ తర్వాత తీరిగ్గా సరేనంటుంది.