ఇద్దరు అప్పలమ్మలు, ఒక్క పేరు

మూడేళ్లుగా ఒక మాట దాచుకుని ఉన్నాను. హేతువాదినని వేదికల మీద గంటలకొద్దీ వాదించినవాణ్ణి, ఈ ఒక్కటి ఎవరితోనూ అనలేకపోయాను. మీతో చెబుతాను.

బర్మాలోని యాంగోన్‌లో, తామ్వే పేటలోని మా తెలుగువాళ్ల హాల్లో ఉచితంగా కంటిశుక్లాల ఆపరేషన్లు చేయించాం. అంతకుముందు ఎవరిని పిలవాలో ఒక పెద్దాయన జ్ఞాపకంమీద చెప్పేవాడు. జ్ఞాపకం రుజువు కాదని, అందులో బంధుప్రీతి దూరుతుందని సభలో నిప్పులు చెరిగాను. గెలిచాను. పైథాన్ అనే కంప్యూటరు భాషలో చిన్న స్క్రిప్టు రాశాను. పేర్లిచ్చినవాళ్లు ఒక సెట్టు, ఆపరేషనైనవాళ్లు ఇంకో సెట్టు. మొదటిదాంట్లోంచి రెండోది తీసేస్తే, పిలవాల్సినవాళ్లు మిగులుతారు. ఒక్క వరుసలో పని అయిపోయింది. ఎంత మురిసిపోయానో.

ఆఖరి రోజు తాకేటా పేట నుంచి అప్పలమ్మ వచ్చింది. బట్టలు కుట్టి బతికే మనిషి.

"ఏటి బాబూ, నన్ను పిలవనేదు?"

"నువ్వు పేరిచ్చి ఉండవు పెద్దమ్మా. మిషను తప్పు చెప్పదు."

"ఇచ్చినాను బాబూ. సర్లే, నా కర్మ. నువ్వేటి సేస్తావు?"

వెళ్లిపోయింది. సాయంత్రానికి డాక్టర్లూ వెళ్లిపోయారు.

ఆ వారమే కాగితాలు సర్దుతూ చూశాను. పేర్లిచ్చినవాళ్లలో అప్పలమ్మలు ఇద్దరు. సింహాచలం అప్పన్న పేరు పెట్టుకోని ఇల్లు మాలో అరుదు. అది తెలిసీ ఇంటిపేర్లు వదిలేసి ఉత్త పేర్లతో సెట్టు కట్టాను. సెట్టులో ఒకే పేరు రెండుసార్లు నిలవదు. లైంగ్‌థార్యార్ పేటలో ఉండే అప్పలమ్మకి ఆపరేషనవగానే తాకేటా అప్పలమ్మ కూడా జాబితాలోంచి పోయింది. పెద్దాయనైతే ముఖం చూసి చెప్పేవాడు.

ఎందుకు దాచాను? హేతువాదం ఓడిపోతుందని నాకు నేను చెప్పుకున్నాను. నిజంగా ఓడేది ఎవరు? నేను. అంతకన్నా నీచమైనది ఇంకోటుంది. కర్మ అనేదే లేదని ఇరవయ్యేళ్లు అరిచినవాణ్ణి, ఆమె అన్న ఆ మాటే నా తప్పుని చక్కగా కప్పేస్తోందని గ్రహించి, నోరు మూసుకున్నాను.

మరుసటి ఏడు ఆమెకీ ఆపరేషనైంది. ఇప్పుడు సూదిలో దారం తనే ఎక్కించుకుంటుంది. మొన్న నా చొక్కా గుండీలు కుట్టిపెట్టి, వయసొచ్చినా గుండీలు తెంపుకోవడం మానలేదని ఎగతాళి చేసింది. చూస్తే నాకు సంతోషమే. స్క్రిప్టులోనూ ఇప్పుడు మనిషికో నంబరుంది. కానీ చూపు ఆనక కుట్టు మానేసి, కూతురింట్లో ఊరికే కూర్చున్న ఆ ఏడాదిని ఆమెకి ఎవరు తిరిగిస్తారు?

ఈ కాగితం ఆదివారం ఆమెకి చదివి వినిపిస్తాను. క్షమించమని అడగను. అడిగితే "ఒగ్గేయ్ బాబూ" అని వదిలేస్తుంది, అంత తేలిగ్గా పోకూడదు. ఆమెకి తెలియాల్సింది ఒక్కటే: అది కర్మ కాదు, నేను.

రాసేశాను. ఊపిరాడుతోంది.