మద్దికుంట చెట్లకు నేను వేసిన గుర్తులు

1974 నవంబరులో నన్ను తిరువూరు ప్రాంతానికి ఫారెస్టరుగా వేశారు. అటవీశాఖలో అందరికంటే కింద గార్డు, ఆయన మీద ఫారెస్టరు, ఆ పైన రేంజరు. నేను ఆజ్ఞాపించడానికి ఒక్క మనిషి, నాకు ఆజ్ఞాపించేవాళ్లు మాత్రం బోలెడుమంది ఉన్న ఉద్యోగమన్నమాట. ఏడాది శిక్షణ అప్పుడే ముగించుకుని వచ్చినవాణ్ణి కనుక చెట్ల లాటిన్ పేర్లన్నీ నోటికి వచ్చేవి. ఆ పేర్లు అవసరం లేకుండానే అడవి నడుస్తుందన్న సంగతి ఒక్కటే తెలియదు.

నాకిచ్చిన మొదటి పని, వినగడపకు అవతల గుట్టల వరుసలో ఒక కూపు సిద్ధం చేయడం. అడవిని ముక్కలుగా విభజించి ఏడాదికొక ముక్క నరికిస్తారు. ఆ ముక్కనే కూపు అంటారు. వేలంలో దాన్ని పాడుకున్న కాంట్రాక్టరుకు అప్పగించే ముందు ఫారెస్టరు వెళ్లి చెట్లకు గుర్తులు వేయాలి. దాంతోపాటు కూపు వర్ణన కూడా రాయాలి. అక్కడి పాత చెట్లు, నీటి వసతులు, పురాతన చిహ్నాలు ఏవైనా ఉంటే అవీ ఒక కాగితం మీద పెట్టాలి. సాధారణంగా ఫారెస్టర్లు ఈ వర్ణనను నాలుగు వాక్యాల్లో ముగిస్తారు. నేను పదకొండు పేజీలు రాశాను.

నా కింద ఉన్న ఆ ఒక్క గార్డు పేరు కోటయ్య. నాకంటే పాతికేళ్లు పెద్దవాడు. హోదా నాది కాబట్టి ‘కోటయ్యా’ అని పిలిచేవాణ్ణి, ఆయన నన్ను ‘సార్’ అనేవాడు. తిరువూరులో తొలి బస్సెక్కి వినగడపలో దిగితే, అక్కడ సైకిలుతో సిద్ధంగా ఉండేవాడు. అక్కడినుంచి డొంకదారిన గంటసేపు వెళితే గుట్ట పాదంలో ఇరవై ఇళ్ల పల్లె ఒకటి వచ్చేది. అందరూ కూలి పనుల మీద బతికేవాళ్లే. పల్లె దాటగానే మా కూపు.

ఆ అడవి నన్ను నిజంగానే మురిపించింది. పై వాలు మీద తుమికి, ఇప్ప, నల్లమద్ది. కిందికి దిగేకొద్దీ చెట్లు ఎత్తు పెరిగి, ఒక్కసారిగా చల్లగాలి తగిలేది. అక్కడ మద్దికుంట. గట్టు పొడవునా పద్నాలుగు తెల్లమద్ది చెట్లు ఉండేవి. కొన్నిటి మొదలు ఇద్దరం చేతులు చాపి పట్టుకున్నా అందేది కాదు. వాటి వేళ్లు గట్టంతా అల్లుకుపోయి, మట్టి ఎక్కడ ముగిసిందో వేరు ఎక్కడ మొదలైందో తెలియకుండా ఉండేది. వీటి వయసెంత అని అడిగితే, “మా తాత కూడా వీటిని ముసలి చెట్లనే అనేవాడండి” అన్నాడు కోటయ్య. నేను దాన్ని పుస్తకంలో రాసుకోలేదు. శాస్త్రీయంగా లేదనిపించింది.

కుంట తూమువైపు మూరెడు పొడుగు పాత ఇటుకలు, ఒక రాతి మీద కత్తి పట్టిన మనిషి బొమ్మ, దాని కింద అరిగిపోయిన అక్షరాలు ఉన్నాయి. ఆ అక్షరాలను నకలు తీయడానికి రెండు రోజులు పట్టింది. ఒక్క ముక్క చదవలేకపోయినా, ఏదో వంశాన్ని నేనే వెలికి తీస్తున్నంత గంభీరంగా కూర్చునేవాణ్ణి. నీళ్లకు వచ్చిన ఆడవాళ్లు బిందెలు చంకన పెట్టుకుని కాసేపు చూసి వెళ్లిపోయేవారు. నేను చెట్టు చుట్టూ టేపు పెట్టినప్పుడు మాత్రం కదిలేవారు కాదు. నా పరిశోధన వాళ్లకు ఆసక్తిగా ఉందనుకున్నాను. చదవేస్తే ఉన్న మతి పోయినట్టు, వాళ్ల మొహాల్లో ఉన్నది భయమని గుర్తుపట్టలేకపోయాను.

ఇక్కడ గుర్తుల సంగతి కాస్త వివరించాలి. మా శాఖలో రెండు పద్ధతులుండేవి. టేకు తోపుల్లాంటి చోట ఏరి ఏరి కొడతారు కాబట్టి కొట్టవలసిన చెట్టుకు గుర్తు వేస్తారు. వంటచెరకు కూపులో దాదాపు మొత్తం నరికేస్తారు కాబట్టి ఉంచవలసిన చెట్టుకు గుర్తు వేస్తారు. మాది రెండో రకం. మద్దికుంట చెట్లు పద్నాలుగూ ఉంచాలని నేనే నిర్ణయించాను. అవి పోతే గట్టు నిలవదు, గట్టు పోతే ఆ పల్లెకు, పశువులకు వేసవిలో నీళ్లుండవు. ఆ మాటకొస్తే నా పదకొండు పేజీల్లో పనికొచ్చిన వాక్యం అదొక్కటే.

ఉంచే చెట్టుకు రెండు చోట్ల గుర్తులుండాలి. నాలుగున్నర అడుగుల ఎత్తులో బెరడు గీకి తారుతో పట్టీ వేసి, వరుస నంబరు రాయాలి. చెట్టు మొదట్లో, నేలకు జానెడు ఎత్తున గొడ్డలితో చిన్న చెక్కు తీసి, శాఖ ముద్ర ఉన్న సుత్తితో కొట్టాలి. తారు చెరిగినా సుత్తి ముద్ర చెరగదు. ఆ సుత్తి ఫారెస్టరు చేతిలోనే ఉండాలి, గార్డుకు ఇవ్వకూడదు. పైగా తారు పట్టీకి ఒక గడి, సుత్తి ముద్రకు ఒక గడి రిజిస్టరులో నింపి సంతకం చేయాలి.

తారు పట్టీలు కోటయ్య చక్కగా వేశాడు. సుత్తి ముద్రలు నేను వేయాలి. అప్పట్లో బెల్‌బాటమ్ ప్యాంట్ల ఊపు. నేను తిరువూరులో దర్జీని బతిమాలి ఖాకీ యూనిఫాంను కూడా ఆ తరహాలోనే కుట్టించుకున్నాను. పాదాల దగ్గర గంపంత వెడల్పు, తొడల దగ్గర ఊపిరాడని బిగువు. నిలబడితే హీరోలా ఉండేవాణ్ణి. గొంతుక్కూర్చుంటే మాత్రం కుట్లు చిటపటలాడేవి. కూపు పై భాగంలో ఎలాగో ఒంటికాలు చాపి, పక్కకు వాలి ముద్రలు వేశాను. కుంట గట్టు మీద బురద, ముళ్లకంప. “సుత్తి కూడా ఏసేస్తే పనైపోద్ది కదండీ” అని కోటయ్య రెండుసార్లు అన్నాడు. వచ్చే వారం చూద్దామన్నాను. ఆ సాయంత్రమే రిజిస్టరులో పద్నాలుగు చెట్లకూ రెండు గడుల్లోనూ ‘వేయడమైనది’ అని రాసి సంతకం చేశాను. ఆ వచ్చే వారానికి నేను మరో కూపులో ఉన్నాను.

జనవరిలో కాగితాల ప్రకారం కూపు కాంట్రాక్టరుకు అప్పగించారు. నాలుగో రోజు ఉదయం కోటయ్య సైకిలు తొక్కుకుంటూ తిరువూరు దాకా వచ్చాడు. మద్దికుంట మీద గొడ్డళ్లు పడ్డాయని చెప్పాడు. గుర్తులున్న చెట్ల మీద ఎలా పడతాయని గద్దించాను. “గుర్తుల్లేవండి” అన్నాడు.

మేము చేరేసరికి రెండు చెట్లు నేల మీద ఉన్నాయి. మూడో దాని మీద గొడ్డలి ఎత్తి ఉంది. ఆపమని అరుస్తూ సైకిలు దిగాను. మిగిలిన చెట్ల చుట్టూ తిరిగి చూస్తే, తారు పట్టీ ఉండాల్సిన ఎత్తులో బెరడు పెచ్చులు పెచ్చులుగా లేచిపోయి ఉంది. తెల్లమద్ది బెరడు మామూలుగానే పెచ్చులూడుతుంది. ఇక్కడ కొడవలితో గీకి, పైన పేడమట్టి పూసినట్టుంది. కాంట్రాక్టరు మనుషుల పనే అనుకుని మేస్త్రీ మీద విరుచుకుపడ్డాను.

అప్పుడు గట్టు అవతలినుంచి మరియమ్మ వచ్చింది. పల్లెలో నాట్లకైనా కోతలకైనా ఆడకూలీలను కూడగట్టే మనిషి. యాభై ఏళ్లుంటాయి.

“ఆళ్లనేం అనకండి సార్, మేమే తుడిచేశాం” అంది. “కిరసనాయిలు పోసినా పోలేదు. ఆడోళ్లమంతా ఆదివారం ప్రార్థన అయినాక వచ్చి కొడవళ్లతో గీకాం. గుర్తెట్టిన చెట్టునే కదా కొట్టుకుపోయేది? అవతల టేకుతోపులో చూశాంగా. గుర్తు లేకపోతే కొట్టరనుకున్నాం. మరి గుర్తుల్లేకపోయినా కొడుతున్నారేంటి సార్? మీరైనా చెప్పండి.”

ఆమె గొంతులో నా మీద నమ్మకం ఉంది. ఆ క్షణాన నాకు కలిగినంత సిగ్గు ఆ తర్వాత ఉద్యోగంలో ఎప్పుడూ కలగలేదు.

మేస్త్రీ మర్యాదస్తుడు. “గుర్తు లేని చెట్టు మాదేనండి, మీరు రాసిచ్చిన కాగితంలోనూ అదే ఉంది. పైది చెరిగితే మొదట్లో సుత్తి ముద్ర ఉంటుంది కదా, చూపించండి, ఆపేస్తాం” అన్నాడు. పద్నాలుగు చెట్ల సంరక్షణకు నేను నియోగించిన ముద్ర నా సంచిలో సుత్తి మీద భద్రంగా ఉంది.

దొంగకు తేలు కుట్టినట్టయింది. ముద్రలు లేవంటే రిజిస్టరులో అబద్ధం రాశానని ఒప్పుకోవాలి. నేనింకా ప్రొబేషన్‌లో ఉన్నాను, ఉద్యోగం పోవచ్చు. నోరు మూసుకుంటే చెట్లు పోతాయి. ఇలాంటప్పుడు ధీరులు ఏం చేస్తారో నాకు తెలియదు. నేను సంచిలోంచి సుత్తి తీసి, అందరూ చూస్తుండగా, దగ్గరి చెట్టు మొదట్లో కూర్చోబోయాను. ప్యాంటు వెనక కుట్టు ఈ చివరినుంచి ఆ చివరిదాకా ఊడింది. గొడ్డలివాళ్లు నవ్వారు. మరియమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

“ఇప్పుడేస్తే చెల్లదు కదండీ” అన్నాడు మేస్త్రీ, నవ్వకుండా ఉండడానికి అవస్థపడుతూ.

“చెల్లదు” అన్నాను. “ముద్ర నేను వేయలేదు. తప్పు నాది. రేంజరు గారికి అదే రాసిస్తాను. ఆయన వచ్చేదాకా ఒక్కరోజు ఆపండి.” చినిగిన ప్యాంటుతో నిలబడ్డ మనిషికి ఇక దాచుకునేదేమీ ఉండదు కాబట్టే ఆ మాట వచ్చిందని ఇప్పటికీ అనుకుంటాను. మేస్త్రీ ఆపాడు. కోటయ్య తన పైపంచె ఇస్తే నడుముకు చుట్టుకుని, అక్కడే రాతి మీద కూర్చుని ఉత్తరం రాశాను.

రాస్తుండగా మరియమ్మకు రెండు పద్ధతుల తేడా చెప్పాను. తారు పట్టీ ఉంచడానికి వేసిందని అర్థమయ్యాక ఆమె పడిపోయిన చెట్లకేసి చాలాసేపు చూసింది. “ఇన్ని రోజులు మా కళ్లముందే తిరిగారు. ఆ రాయి కాడ రెండు రోజులు కూర్చున్నారు. మాతో ఒక్క మాట చెబితే పోయేదిగా సార్” అంది. తిట్టినా బాగుండేది.

ఆమె అన్నాక నా వర్ణన గుర్తొచ్చింది. రాతికి పేజీన్నర ఇచ్చాను. పల్లె గురించి ఉన్నది ఒకే వాక్యం: ‘సమీపమున జనావాసము కలదు.’

మర్నాడు రేంజరు గారు జీపులో వచ్చారు. ఉత్తరం ఇంకోసారి చదివి, నా వంక చూడకుండా రిజిస్టరు తెరిచారు. నంబరు వారీగా నేను రాసిన చుట్టుకొలతలను ఒక్కొక్క చెట్టుకూ టేపు పెట్టి సరిచూశారు. మిగిలిన పన్నెండూ సరిపోయాయి. కొలతలు మాత్రం నిజాయితీగా తీశానని ఆయన ఒప్పుకోవలసి వచ్చింది. ఆ చెట్లు ఉంచవలసినవేనని అక్కడే రాసి, కాంట్రాక్టరుకు బదులుగా పై వాలులో వేరే చెట్లు చూపించారు. నా సర్వీసు పుస్తకంలో మందలింపు ఎక్కింది. ఉద్యోగం నిలిచింది.

“ఇప్పుడు ముద్రలు వెయ్యి. ఊరందరినీ పిలిచి వెయ్యి” అన్నారు. కోటయ్య వదులు నిక్కరు అరువు తెచ్చుకున్నాను. అందులో నేను పట్టడమే కాదు, ఇంకొక ఫారెస్టరుకూ చోటుండేది. ఆడామగా గట్టు మీద నిలబడ్డారు. మొదటి చెట్టు దగ్గర సుత్తి ఎత్తగానే మరియమ్మ, “ఇది ఉంచే గుర్తా, కొట్టే గుర్తా సార్?” అని అడిగింది. ఉంచే గుర్తన్నాను. రెండో చెట్టు దగ్గరా అదే అడిగింది. పన్నెండు చెట్ల దగ్గరా అడిగింది. పన్నెండుసార్లూ చెప్పాను. అది వెటకారం కాదు. ఈసారి పొరపాటు జరగకూడదని.

ఆ తర్వాత ముప్పై ఏళ్లకు పైగా ఈ శాఖలోనే పనిచేశాను. ఎక్కడ కూపు వేసినా, తారు డబ్బా మూత తీసే ముందు పక్క పల్లెకు వెళ్లి ఏ గుర్తుకు ఏ అర్థమో చెప్పి వచ్చేవాణ్ణి. నిబంధనల పుస్తకంలో ఆ పని లేదు. కోటయ్య గారిని ‘గారు’ అనడం కూడా మద్దికుంట తర్వాతే మొదలైంది, అదీ నిబంధనల్లో లేదు. గుర్తు వేసినవాడికి తెలిస్తే సరిపోదు, ఆ నీళ్లు తాగేవాళ్లకూ తెలియాలి. ఈ ఉద్యోగం నాకు నేర్పింది ఇదే.

ముద్రలు వేసిన సాయంత్రం రిజిస్టరులో పన్నెండు నంబర్ల ఎదురుగా ‘ఉన్నది’ అని రాశాను. కొట్టేసిన మూడో నంబరుకూ తొమ్మిదో నంబరుకూ ఎదురుగా, చెట్టు లేకపోవడానికి కారణం రాయాలి. ఆ రెండు గడుల్లోనూ నా పేరు రాశాను.