కొండమ్మ పన్నెండు వేళ్ళ బద్ద

మణుగూరుకు ఎనిమిది మైళ్ళ అవతల, అడవి అంచున ఉన్న ఆశ్రమ పాఠశాలలో కొండమ్మ వంటమనిషి. నూట పది మంది కోయ పిల్లలకు రెండు పూటలా అన్నం వండేది. తనూ కోయ మనిషే. చిన్నప్పుడు నాలుగో తరగతి దాకా చదివింది. తల్లికి చలిజ్వరం వచ్చి మంచాన పడిన ఏడు, ఇప్పపువ్వు ఏరడానికి ఇంట్లో ఇంకెవరూ లేక బడి మానేసింది. తర్వాత పెళ్ళి, ఇద్దరు పిల్లలు. 1984 నాటికి ఆమెకు ముప్పై దాటాయి.

ఆ ఏడు జూలైలో మధిర నుంచి హైమ టీచరు వచ్చింది. ఇరవై మూడేళ్ళ మనిషి, మొదటి ఉద్యోగం. ఐదో తరగతికీ వంటశాలకూ నడుమ ఒక్క తడిక. బియ్యంలో రాళ్ళు ఏరుకుంటూ కొండమ్మ పాఠాలన్నీ వినేది.

భిన్నాల దగ్గర చిక్కు వచ్చిపడింది. హైమ నల్లబల్ల మీద గుండ్రటి రొట్టె గీసి, ముక్కలు చేసి చూపించింది. ఆ పిల్లల్లో రొట్టె తిన్నవాళ్ళే తక్కువ. "మూడో వంతు పెద్దదా, నాలుగో వంతు పెద్దదా?" అని అడిగితే తరగతంతా "నాలుగే!" అని అరిచేది. మూడు కన్నా నాలుగు పెద్దది కదా మరి! నాలుగు రోజులు అదే పాఠం, అదే జవాబు. ఐదో రోజు హైమ సుద్దముక్క పక్కన పడేసి, వంటశాల గడప మీదికి వచ్చి కూర్చుంది.

"నాకు చెప్పడం రావట్లేదు కొండమ్మక్కా. పిల్లల తప్పేం లేదు."

"గట్లనకు టీచరమ్మా. భిన్నం అంటే ఏందో ఆళ్ళకు తెల్వదు గని, పంచుకునుడు పుట్టినకాడి నుంచి తెలుసు. నేనొక మాట అడిగి చూడనా?"

కొండమ్మ మానికెడు బియ్యంతో తరగతిలోకి వెళ్ళింది. "ఈ మానిక బియ్యం ముగ్గురు పంచుకుంటే మీకు ఎక్కువొస్తదా, నలుగురు పంచుకుంటే ఎక్కువొస్తదా?" అని కోయ మాటలోనే అడిగింది. పిల్లలు నవ్వారు. ఇదీ ఒక ప్రశ్నేనా అన్నట్టు, "ముగ్గురైతేనే!" అన్నారు. హైమ గబగబా నల్లబల్ల దగ్గరికి వెళ్ళి, మూడో వంతు, నాలుగో వంతు పక్కపక్కన రాసి, ఏది పెద్దదో మళ్ళీ అడిగింది. ఈసారి సగం మంది సరిగ్గా చెప్పారు. మిగతా సగం మంది వాళ్ళ వైపు చూసి, కాసేపటికి తలలూపారు.

మరునాడు కొండమ్మ తవ్వ, సోల కూడా తెచ్చింది. తవ్వ అంటే మానికలో సగం. సోల అంటే నాలుగో వంతు. రెండు సోలలు తవ్వలో పోస్తే అంచుదాకా సరిగ్గా నిండింది. అంటే నాలుగింట రెండు వంతులన్నా, సగమన్నా ఒకటే. పిల్లలు ఒక్కొక్కరే వచ్చి పోసి చూసుకున్నారు. బియ్యం కొంత నేలపాలైంది. కొండమ్మ దాన్ని ఊడ్చి ఎత్తుకుంది.

అప్పుడు లేచింది ముత్తక్క. పదేళ్ళ పిల్ల, ఎవరితోనూ పెద్దగా మాట్లాడదు.

"మూడు ముక్కల్ల రెండు, నాలుగు ముక్కల్ల మూడు. రెండిట్లనూ ఒక్క ముక్కే తక్కువ. మరి రెండూ ఒకటే కదా టీచర్?"

కాదని చెప్పి హైమ క.సా.గు., అంటే మూడూ నాలుగూ రెండిటితోనూ భాగం పోయే అన్నిటికన్నా చిన్న సంఖ్య, కట్టి చూపించింది. పిల్లలు పలకల మీద ఎక్కించుకున్నారు గానీ ఒక్కరికీ ఎక్కలేదు. కొండమ్మ తన కొలతలతో చూద్దామనుకుంది. మానికలో మూడో వంతు కొలిచే గిన్నె ఆమె దగ్గరే కాదు, ఆ ఊళ్ళోనే లేదు.

ఆ సాయంత్రం ఇంటి ముందు భర్త ఆదినారాయణ వెదురు చీల్చి చాట అల్లుతున్నాడు. కొండమ్మ ఒక బద్ద తీసుకుని, వేళ్ళు ఆనించి ఎనిమిది వేళ్ళ పొడవు నరికింది. నాలుగు భాగాలైంది గానీ మూడు కాలేదు. తొమ్మిది వేళ్ళకు నరికితే మూడైంది, నాలుగు కాలేదు. పది వేళ్ళ ముక్క రెంటికీ కుదరలేదు.

"ఏంది, బద్దలన్నీ ఖరాబు చేస్తున్నవ్?"

"జర ఆగయ్యా. మూడుకూ కుదరాలె, నాలుగుకూ కుదరాలె."

"గట్లయితే ఇంకింత పొడుగు తీస్కోరాదు," అన్నాడతను అల్లిక మీంచి తల ఎత్తకుండానే.

పదకొండూ పోయింది. పన్నెండు వేళ్ళ దగ్గర ఆమె చేయి ఆగింది. మూడు భాగాలు చేస్తే నాలుగేసి వేళ్ళు. నాలుగు భాగాలు చేస్తే మూడేసి వేళ్ళు. అదే పొడవుకు ఇంకోటి నరికి, మూడు భాగాలుగా గీసిన ముక్క మీద రెండు భాగాల దాకా మసి పూసింది, ఎనిమిది వేళ్ళు వచ్చింది. నాలుగు భాగాలుగా గీసిన ముక్క మీద మూడు భాగాల దాకా పూసింది, తొమ్మిది. రెండూ పక్కపక్కన పెట్టి చూసుకుని గట్టిగా నవ్వింది. ఆదినారాయణ ఉలిక్కిపడ్డాడు.

పొద్దున ఆ రెండు బద్దలూ తరగతిలో చేతులు మారాయి. హైమ వాటి పక్కనే పన్నెండింట ఎనిమిది, పన్నెండింట తొమ్మిది అని రాసి, "నిన్న నేను కట్టిన క.సా.గు. ఇదే పిల్లలూ!" అంది. ముత్తక్క బద్దలను చాలాసేపు చూసి నెమ్మదిగా చెప్పింది. "పోయింది ఒక్క ముక్కే గని, నాలుగు చేసినకాడ పోయిన ముక్క చిన్నది. చిన్నది పోతే మిగిలేది ఎక్కువ." లెక్క కట్టకుండానే తేల్చేసింది. అలా ఆలోచించడం హైమకు ఎవరూ నేర్పలేదు. ఆ పిల్లతో ఇంకోసారి చెప్పించుకుంది.

ఆ వారంలోనే హైమ, "అక్కా, నువ్వు ఏడో తరగతి పరీక్షకు ప్రైవేటుగా కట్టు," అంది.

"ఈ వయసులనా? నలుగురూ నవ్వుతరు టీచరమ్మా."

"నవ్వనీ అక్కా. పుస్తకాలు నేనిస్తాను."

వంట ముగిశాక రోజూ గంటసేపు చదువుకుంది. మొదటిసారి లెక్కల్లో డెబ్బై ఒకటి వచ్చాయి, ఇంగ్లీషులో పోయింది. ఈలోగా హైమకు పెనుబల్లి వైపు బదిలీ అయింది. కొండమ్మ వారం రోజులు పుస్తకం ముట్టలేదు. అప్పుడొక ఉత్తరం వచ్చింది. "ఇంగ్లీషు ఒక్కటే మిగిలింది, ఆపకు అక్కా," అని అందులో ఉంది. తన పేరున వచ్చిన మొట్టమొదటి ఉత్తరం అది, ఎవరి చేతా చదివించుకోలేదు. మరుసటి ఏడు ఇంగ్లీషు కూడా గట్టెక్కింది.

1991లో ప్రభుత్వం వాళ్ళు బడి లేని గూడేల్లో చిన్న బళ్ళు తెరుస్తూ, పాఠాలు చెప్పడానికి కోయ, తెలుగు రెండూ వచ్చినవాళ్ళు కావాలన్నారు. వంటపని వదిలేస్తే ఎట్లా అని ఆదినారాయణ రెండు రోజులు గొణిగాడు. మూడో రోజు తనే వెదురు తెచ్చి బడికి తడికలు కట్టాడు. ఇరవై ముగ్గురు పిల్లలతో కొండమ్మ బడి మొదలైంది. మూడేళ్ళకు వాళ్ళలో నలుగురు భద్రాచలంలో పెద్ద బడికి వెళ్ళారు.

నలభై దాటిన ఆమె ఇప్పుడు పదో తరగతి పరీక్షకు చదువుతోంది. బీజగణితం మీద మాత్రం ఆమెకు కోపం. "ఎక్స్ అంటే ఎంతో ముందుగాల చెప్పకుండ, దాన్ని మమ్మల్నే ఎతకమంటరు," అంటూనే పెన్సిలు చెక్కుకుని తర్వాతి లెక్క మొదలుపెడుతుంది.