పత్తి పువ్వుకు రంగు పూశానట!

మా చిన్నప్పుడు సూరత్‌లో, పాండేసర దగ్గరి మా తెలుగు బడిలో సైన్స్ పీరియడ్ అంటే పుస్తకాలు సంచీలో కుక్కేసి వెనక గోడ దగ్గరికి పరుగెత్తడమే... అక్కడ మా ఐదో తరగతికి చిన్న తోట ఉండేది. తలా జానెడు మడి. ఎవరి మొక్కకు వాళ్ళే నీళ్ళు పోయాలి, చూసింది చూసినట్టు నోట్‌బుక్‌లో రాయాలి, బొమ్మ వేయాలి.

"కండ్లతోటి చూసిందే రాయుండ్రి" అని మా సైన్స్ సార్ రోజూ చెప్పేవాడు. ఆ మాట ఆయనదే, నాది కాదు.

అందరూ మెంతులు, టమాటలు వేస్తే నేను పత్తి వేశాను. సిరిసిల్ల వైపు నుంచి వచ్చిన మా నానమ్మ కొంగున ముడేసి తెచ్చిన గింజలు. మా వాడలో సగం మంది మగ్గాల మీద, సగం మంది రంగు మిల్లుల్లో. మా బాపు, అంటే నాన్న, పని చేసేది రంగు మిల్లులో. బట్టల మధ్యే పుట్టి పెరిగాం గానీ అంతా పాలిస్టరే... పత్తి చెట్టు చూసిన పిల్ల క్లాసులో ఒక్కతీ లేదు.

వినాయక చవితి అయిన వారానికి నా చెట్టుకు మొదటి పువ్వు పూసింది. మీగడలాంటి తెలుపు! బొమ్మ వేసి "తెలుపు" అని రాశాను. మర్నాడు వెళ్ళి చూస్తే... అదే పువ్వు గులాబి రంగులో ఉంది. చెట్టుకు ఉన్నదే ఒక్క పువ్వు, పొరపడడానికి కూడా వీల్లేదు. పక్కనే ఇంకో బొమ్మ వేసి, "నిన్నటి పువ్వే. ఈరోజు గులాబి రంగు" అని రాసి, గొప్పగా తీసుకెళ్ళి సార్‌కి చూపించాను.

సార్ పువ్వును చూశాడు. తర్వాత నా సంచీకేసి చూశాడు. బాపు మిల్లు నుంచి తెచ్చిన ముక్కతో అమ్మ కుట్టిన సంచీ... అదీ గులాబి రంగే, నా ఖర్మ!

"ఏంది పిల్లా, నాకే కథలు చెప్తున్నవా? బుక్కుల పసుపు అని ఉన్నది. మీ బాపు మిల్లుల రంగు తెచ్చి పువ్వుకు పూస్తవా?"

స్కేలుతో అరచేతి మీద రెండు దెబ్బలు. పేజీ మీద ఎర్ర పెన్నుతో అడ్డంగా గీత, కింద "అబద్ధం" అని. పైగా రేపు బాపును తోలుకురమ్మని హుకుం. నలభై మంది ముందు!

మర్నాడు బాపు షిఫ్టు మానుకుని వచ్చాడు. మోచేతుల దాకా నీలి రంగు. అప్పటికి పువ్వు వాడి, ఇంకా ముదురు రంగుకు తిరిగింది. దాన్ని చూడగానే ఆయన ముఖం విప్పారింది.

"పత్తిపువ్వు గిట్లనే ఉంటది సార్. ఇయ్యాల తెల్లగ పూస్తది, తెల్లారెవరకు ఎర్రబడ్తది. మా అయ్య చేన్ల చిన్నప్పటి సంది చూసిన."

"రంగు పూయలేదని ఎట్ల నమ్మాలె?"

"పూసిన రంగైతే తడి బట్టకు అంటుతది సార్. నా చేతులకు రంగున్నది, నేను ముట్ట. మీ రుమాలు తడిపి మీరే జర మెల్లగ తుడువుండ్రి."

సార్ తుడిచాడు. రుమాలు తెల్లగానే ఉంది. దాన్ని మడిచి జేబులో పెట్టుకుని, "సరే సరే, జల్ది పో, డ్యూటీ ఉన్నది గదా" అన్నాడు.

అంతే! తప్పైందన్న ఒక్క ముక్క లేదు. ఎర్ర గీత కొట్టేయలేదు. క్లాసుకు నిజం చెప్పలేదు. ఆ ఏడాదంతా పిల్లలు నన్ను "రంగుల పిల్ల" అనే పిలిచారు. ఇన్నేళ్ళయినా తలచుకుంటే ఒళ్ళు మండుతుంది.

అంతకన్నా మండేది ఇంకొకటి... మా బాపు వెళ్తూ వెళ్తూ, "దండం సార్, పిల్ల మీద కోపం పెట్టుకోకుండ్రి" అని రెండు చేతులూ జోడించాడు.

గేటు దగ్గర ఏడుస్తూ అడిగాను. "తప్పు ఆయనది గదా బాపూ! నువ్వెందుకు దండం పెట్టినవ్?"

"రేపటి సంది మళ్ల ఆయన ముంగటనే గదా బిడ్డా నువ్వు కూసునేది..." అని సైకిలెక్కి వెళ్ళిపోయాడు.

ఇప్పుడు ఆ తోట లేదు. సిమెంటు పోసి బండ్లు పెడుతున్నారు. మా అమ్మాయి పత్తి పువ్వును తెర మీద చూస్తుంది, నిమిషంలో అయిపోతుంది. రెండు రోజులు ఆగి చూడాల్సిన పని ఏ పిల్లకూ లేదు... చూసింది చెప్పి దెబ్బలు తిన్నవాళ్ళు మీలో ఇంకెవరైనా ఉంటే, ఇక్కడ చెప్పుకోండి. నేను నమ్ముతాను.

సార్, ఎవరైనా మీకు ఈ పోస్టు చూపిస్తే... నాకేమీ చెప్పక్కర్లేదు. మా బాపు ఇంకా పాండేసరలోనే ఉన్నాడు. ఆయన పెట్టిన దండం ఆయనకు తిరిగి ఇచ్చేయండి, చాలు.