దక్షిణగా వచ్చిన ఫోను

గురుదక్షిణను ఇచ్చినవాళ్ళ ఎదుట విప్పి చూడకూడదని మా ఆయన నియమం. పళ్ళెంలో ఏముందో చూడకుండానే అక్షింతలు వేసి, దాన్ని దేవుడి గూట్లో పెట్టేస్తారు. శిష్యురాలు తమలపాకుల మీద పెట్టి ఇచ్చిన ఫోనుకూ అదే మర్యాద జరిగింది. ఆమె విమానం ఎక్కేసిన తర్వాత మంచిరోజు చూసి దాన్ని కిందికి దించారు. అక్కడే మా కొంప మునిగింది.

ఆ అమ్మాయి చిన్నప్పుడు బొబ్బిలిలో మా ఇంట్లోనే వీణ నేర్చుకుంది. పెళ్ళయి పరదేశం పోయి, మొన్న వేసవిలో వచ్చి, మరిచిపోయిన కీర్తనలన్నీ ఆయన దగ్గర కూర్చుని మళ్ళీ సాధన చేసింది. అప్పటికే ఆయన బస్సు దిగుతూ పడి తుంటి విరగ్గొట్టుకున్నారు. ఇంటింటికీ వెళ్ళి పాఠాలు చెప్పిన మనిషికి వీధి చివరిదాకా నడవడమే గగనమైంది. పిల్లల్ని మా ఇంటికి పంపమంటే ట్యూషన్లకే టైము చాలడం లేదన్నారు. "వీడియోలో సెప్పండి మాస్టారూ, కూసోబెడతాం" అన్నారు తల్లులు. మాకున్నది బటన్ల ఫోను. అది తెలిసే ఆ శిష్యురాలు తన ఫోను ఇచ్చింది. ఆయన మళ్ళీ పాఠం చెప్తారని నేను కొండంత ఆశ పెట్టుకున్నాను.

మా సిమ్ము వేస్తే ఆ ఫోను ఒప్పుకోలేదు. బజార్లో సెల్ షాపు ఆయన అటూ ఇటూ తిప్పి చూశాడు.

"సిమ్ముది తప్పు కాదమ్మా. ఫోనుకే తాళం ఉన్నాది. ఆ దేశంలో ఏ కంపెనీ దగ్గర కొన్నారో ఆ సిమ్మే పని సేస్తాది."

"తాళం తియ్యవయ్యా మరి."

"ఆ కంపెనీయే తియ్యాల. ఎవరి పేరున కొన్నారో ఆలే అడగాల."

దేవుడు వరమిచ్చినా పూజారి వరమివ్వడంటే ఇదే. నమ్మకం కుదరక విజయనగరం కూడా వెళ్ళాను. అక్కడా అదే మాట. కొత్తది కొనుక్కోవచ్చు కదా అని సలహా చెప్పేవాళ్ళకు కొదవ లేదు. కొనాలంటే పాఠాలుండాలి, పాఠాలు చెప్పాలంటే ఫోనుండాలి.

"ఆ అమ్మాయికి ఫోన్ చేసి అడగండి" అన్నాను ఆయనతో.

"ఏటడుగుతాను? నువ్విచ్చిన దక్షిణ పనికిరాలేదని సెప్పమంటావా? అడిగి పుచ్చుకుంటే అది దక్షిణ ఎలాగవుతాది?"

ఆయన మర్యాద ఆయనది. వంటింట్లో డబ్బాలు తడుముకునేదాన్ని నేను. వాదించీ వాదించీ నా నోరే నొప్పి పుట్టింది.

కొన్నాళ్ళకు ఆమే చేసింది, మా బటన్ల ఫోనుకి. అక్కడి చలికి వీణ మెట్ల కింద మైనం పగిలిందట, మెట్లు కదిలిపోతున్నాయట. మైనం ఎలా కరిగించాలో, మసి ఎంత కలపాలో, ఏ స్వరం దగ్గర మెట్టు ఎలా నిలపాలో ఆయన ఓపిగ్గా చెప్పారు. చెవి మార్చి చెవిన పెట్టుకుని మరీ చెప్పారు. ఫోను మాట ఎత్తలేదు. ఇక నేనే లాక్కుని అడిగేశాను.

"అయ్యో అమ్మగారూ, దాని వాయిదాలు ఇంకా ఉన్నాయండీ. అవి పూర్తయితేనే కంపెనీ తాళం తీస్తుంది. నేను చూస్తాను" అంది.

చూస్తానన్న మనిషి మళ్ళీ ఎత్తితే ఒట్టు. నేను చేసిన ప్రతిసారీ మోగి మోగి ఆగిపోయేది. వాయిదాలు తీరని వస్తువుని తమలపాకుల్లో పెట్టి గురువు చేతికివ్వడానికి మనసెలా ఒప్పిందో నాకిప్పటికీ అర్థం కాదు. ఆయన మాత్రం "మరిసిపోయుంటాది, పిల్లలతో సతమతమవుతుందేమో" అని వెనకేసుకొచ్చేవారు. నాకు ఒళ్ళు మండిపోయేది.

సంక్రాంతి వెళ్ళాక పాలకేంద్రం దగ్గర, ఇదివరకు ఆయన దగ్గర నేర్చుకున్న ఒక పాప తల్లి కనబడింది. నన్ను చూసి మొహం చేటంత చేసుకుంది.

"మాస్టారికి సెప్పండమ్మా, మా పాప పాఠం ఆగనేదు. వేసవిలో మీ ఇంట్లో కలిసింది సూడండి, ఆ పరదేశం అమ్మాయి, ఆవిడే ఫోన్లో సెప్తన్నాది. మన వీధి పిల్లలంతా ఆవిడ దగ్గిరే. అచ్చం మాస్టారి పద్ధతే."

ఆమె సంతోషంగానే చెప్పింది. ఇంటికొచ్చి పాలగిన్నె దించకుండానే ఆయనకు మొత్తం చెప్పేశాను. కనీసం ఇప్పుడైనా ఆ శిష్యురాలిని ఒక్క మాట అంటారని ఎదురుచూశాను.

ఆయన "పాప ఎంతవరకు వచ్చిందట?" అని అడిగి గదిలోకి వెళ్ళిపోయారు.

ఆ క్షణాన ఆమె మీదకంటే ఆయన మీదే నాకు ఎక్కువ కోపం వచ్చింది. నోటికొచ్చింది అనేద్దామని గదిలోకి వెళ్ళాను. ఆయన గోడవైపు తిరిగి పడుకుని, నాకు వినబడకూడదని తువ్వాలు నోట్లో కుక్కుకుని ఏడుస్తున్నారు.