ఆదివారం ప్రార్థనలో వచ్చిన అప్‌డేట్

ఆ నెలల్లో నాకు భయపడటం తప్ప వేరే పని లేదు. శంషాబాద్ దగ్గర పాల్మాకులలో అత్తగారింట్లో, ముందుగదిలో మంచం వేసి నన్ను పడుకోబెట్టారు. మొదటి కడుపు ఏడో నెలలో పోయింది. రెండోసారి మూడో నెల దాటగానే అప్పటి డాక్టరమ్మ గర్భసంచి మూతికి కుట్టు వేసి, బాత్‌రూమ్‌కు తప్ప మంచం దిగొద్దంది. దిగలేదు. పుట్టి బుద్ధెరిగాక నేను ఒకరి మాట అంత శ్రద్ధగా విన్నది అదే మొదలు.

మొదటిసారి ఆశకొద్దీ ముందే చిన్న చిన్న బట్టలు కొన్నాం, ఉయ్యాల కూడా కొన్నాం. తరువాత వాటిని నా కంట పడకుండా ఇంట్లోంచి తీసెయ్యడానికి మా ఆయన ఎన్ని అవస్థలు పడ్డాడో నాకు తెలుసు. అందుకని ఈసారి పిల్లల వస్తువు ఒక్కటి కూడా గడప దాటి రాలేదు. ఎవరైనా పేరు మాట ఎత్తబోతే మా అత్తమ్మ కళ్ళతోనే వాళ్ళ నోరు మూయించేది.

మా ఆయన ఎయిర్‌పోర్టులో, విమానాలకు సామాన్లు ఎక్కించే దగ్గర సూపర్‌వైజరు. నాకు పొద్దు పోవడానికి తన పాత ల్యాప్‌టాప్‌లో ఒక ఆట వేసిచ్చాడు. అందులో అంతరిక్ష నౌకలు మనమే కట్టుకోవాలి. ఇంజను, ఇంధనం ట్యాంకు, మనుషులు కూర్చునే గది, కింద తిరిగి దిగేటప్పటి మంటను తట్టుకునే పళ్ళెం, పైన పారాచూటు, ఒక్కోటి ఏరి తగిలించుకోవాలి. ట్యాంకు పెద్దది పెడితే బరువుకు లేవదు, చిన్నది పెడితే తిరిగి రావడానికి ఇంధనం మిగలదు. పదో తరగతితోనే లెక్కలకు దండం పెట్టేసినదాన్ని, ఎడమ పక్కకు తిరిగి పడుకుని, దిండు మీద ల్యాప్‌టాప్ ఆనించుకుని, ఏ గ్రాము ఎక్కడ తగ్గించాలా అని తల బద్దలు కొట్టుకునేదాన్ని. ఇంటి పైనుంచి అసలు విమానాలు పోతుంటే కిటికీ వైపు కూడా చూసేదాన్ని కాదు.

ఎన్నో కూలిపోయాక ఒక నౌక నిలిచింది. చందమామను చుట్టి వచ్చి, భూమి చుట్టూ తిరుగుతూ ఉండిపోయింది. దిగడానికి సరిపడా ఇంధనం ఉంది, అదనంగా కాస్త మిగులు కూడా. లోపల ముగ్గురు. ఒకరికి నా పేరు, ఒకరికి మా ఆయన పేరు పెట్టాను. మూడోవాళ్ళకు ఆట తనంతట తాను పెట్టిన పేరు చెరిపేశాను. ఖాళీగా వదిలితే ఒప్పుకోలేదు కాబట్టి ఒక చుక్క పెట్టాను.

అక్కడే నా బుద్ధి గడ్డి తిన్నది. ఈ ముగ్గురూ క్షేమంగా దిగితే మేం ముగ్గురమూ క్షేమంగా బయటపడతాం అని మనసులో మొక్కేసుకున్నాను. ఏ దేవుడికి మొక్కానో నాకే తెలియదు. మొక్కిన మరుక్షణమే భయం పట్టుకుంది. వెంటనే దింపే ధైర్యం లేక, నెలలు నిండాక దింపుదాంలే అని వాళ్ళను పైనే వదిలేశాను. తిరుగుతున్నంతసేపూ వాళ్ళకేమీ కాదు. మంచం మీద ఉన్నంతసేపూ నాకూ ఏమీ కాదనుకున్నాను.

ఆటకు అప్‌డేట్లు వస్తాయని తెలుసు. అందుకే ల్యాప్‌టాప్‌కు నెట్ కలిపేదాన్ని కాదు. ఆదివారం అత్తమ్మ చర్చికి పోతే పక్కింటావిడ వచ్చి నా దగ్గర కూర్చునేది. ఒక ఆదివారం పక్కింటావిడ కందుకూరులో పెళ్ళికి వెళ్ళింది. నన్ను ఒంటరిగా వదిలిపోవడం ఇష్టం లేక అత్తమ్మ ఆ పొద్దు ఆరాధన ఇంట్లోనే వింటానంది. ఫోను తెర చిన్నగా ఉందని, నేను స్నానానికి పోయినప్పుడు డ్యూటీకి బయల్దేరుతున్న కొడుకుతో నెట్ కలిపించి ల్యాప్‌టాప్ తెరిపించింది. నేను వచ్చేసరికి పాస్టరుగారు నా పేరు తీసుకుని, సుఖప్రసవం కోసం అందరిచేతా ప్రార్థన చేయిస్తున్నారు. తెర మూలన ఒక చిన్న గీత నిండుతూ ఉంది. నేను ఆమెన్ అనేసరికి అప్‌డేట్ పూర్తయింది.

మధ్యాహ్నం తెరిచి చూస్తే నౌక ఉన్నచోటే ఉంది. రంగు మారలేదు, రూపు మారలేదు. లోపలి లెక్కలు మారాయి. ఇంజను ఇదివరకటి కంటే ఎక్కువ తాగుతుంది. ట్యాంకు బరువు పెరిగింది. మంటను తట్టుకునే పళ్ళెం మునుపటంత తట్టుకోదు. నిన్న మిగులు చూపించిన చోట ఈరోజు లోటు చూపిస్తోంది. ఏ తప్పూ చెయ్యకుండానే నా ముగ్గురూ ఇంటికి చేరలేనివాళ్ళయిపోయారు.

ఆట ఆడేవాళ్ళు రాసుకునే చోటుకు వెళ్ళి చూశాను. లోకమంతా అదే ఏడుపు. ఒకడి నౌక నేల విడవడమే లేదట. ఒకామె ఏడాదిగా కట్టుకున్న అంతరిక్ష కేంద్రం ఊగి ఊగి విరిగిపోయిందట. కొందరేమో ఆ ఇంజను మొదటినుంచీ మరీ బలంగా ఉండేదని, ఇప్పుడే ఆట సరిగ్గా ఉందని మెచ్చుకుంటున్నారు. తయారుచేసినవాళ్ళు మాత్రం సమతూకం కోసం చేశామని, పాత నౌకలను సరిచూసుకోమని చల్లగా రాశారు. సమతూకమట! నేల మీద ఉన్న నౌకనయితే విప్పి మళ్ళీ కట్టుకుంటాను. గాల్లో మనుషులతో ఉన్నదాన్ని ఏం సరిచూసుకోను? నోటికొచ్చినట్టు తిట్టాను. అత్తమ్మ గుమ్మంలోకి వచ్చి, "కడుపుతోని ఉన్నదానివి, గా మాటలేంది బిడ్డా" అని గదమాయించింది.

ఆ వారమే శంషాబాద్‌లో దవాఖానకు పోవలసి వచ్చింది. పాత డాక్టరమ్మ వేరే ఊరు వెళ్ళిపోయింది. కొత్తావిడ కోస్తా వైపు మనిషి, మాట నెమ్మది. స్కానింగ్ చూసి, "అంతా బాగుందమ్మా. ఇంట్లో మెల్లగా నడుస్తూ ఉండండి" అంది.

"కదలొద్దన్నారు కదండీ" అన్నాను.

"ఇదివరకు అలా చెప్పేవాళ్ళం. పడుకున్నంత మాత్రాన నెల తక్కువ కాన్పు ఆగుతుందని ఇప్పుడు అనుకోవడం లేదు. పైగా మరీ కదలకపోతే కాళ్ళలో రక్తం గడ్డకట్టే ప్రమాదం ఉంది."

ఇన్ని నెలలు నేను ఏ మాట పట్టుకుని వేలాడుతున్నానో ఆ మాటనే తీసేశారు. అదీ నేను సగం దారిలో ఉండగా! బయటికి వచ్చాక కారులో గట్టిగా ఏడ్చాను.

మా ఆయనకు మాత్రం ఇది వింతగా అనిపించలేదు. "మా తాన రోజూ గిదే కథ" అన్నాడు. "కొత్త సర్క్యులర్ వస్తది, బోర్డు మీద పెడ్తరు, చదివి సంతకం చేస్తం. నిన్న మంచిదన్నది ఇయ్యాల తప్పంటరు. పరేషాన్ ఎందుకు? ఇగ కొత్తదాని ప్రకారం చేసుడే."

"నీ సూట్‌కేసులు కాదు నా కడుపు" అన్నాను.

అత్తమ్మ నా పక్షమే. "ఆమెకేం ఎరుక, నిన్న మొన్న వచ్చింది. నువ్వు పండుకో" అంది. పడుకున్నాను. కానీ ఇదివరకటిలా పడుకోలేకపోయాను. కాలు కాస్త తిమ్మిరెక్కితే రక్తం గడ్డకట్టిందేమోనని భయం. కాలు కింద పెడదామంటే కుట్టు తెగుతుందేమోనని భయం. అటు తెరమీద ముగ్గురూ తిరుగుతూనే ఉన్నారు. మళ్ళీ ఒక అప్‌డేట్ వచ్చి లోటు ఇంకా పెరిగితే? పైన ఉండిపోవడం క్షేమం అన్న ధీమా నాకు రెండుచోట్లా పోయింది.

అందుకే ఒకరోజు మా ఆయన డ్యూటీకి పోయాక, వాళ్ళను దింపేద్దామని కూర్చున్నాను. ఉన్న ఇంధనమంతా మండించి వేగం తగ్గించాను. చాలలేదు. నౌక అనుకున్నదానికంటే వేగంగా గాలిలోకి దిగింది. కింద పళ్ళెం ఎర్రబడింది, తరువాత తెల్లబడింది. వేడి గీత చివరిదాకా వెళ్ళింది. పారాచూటు విప్పే ఎత్తుకు ఇంకా చాలా దూరం ఉండగానే పళ్ళెం ఊడిపోయింది, ఆ వెంటనే గది. తెరమీద ముగ్గురి పేర్లూ ఒకదాని తరువాత ఒకటి ఆరిపోయాయి. చుక్క అన్నిటికంటే చివర పోయింది.

నేను అరిచిన అరుపుకు అత్తమ్మ వంటింట్లోంచి పరుగెత్తుకొచ్చింది. "నొప్పా? నొస్తున్నదా?" అంటూ నా పొట్ట పట్టుకుంది. నొప్పి కాదని చెప్పి, వెక్కుతూ మొత్తం చెప్పేశాను. ముగ్గురి సంగతి, మొక్కు సంగతి, చుక్క సంగతి. తిడుతుందనుకున్నాను. సోదె, మొక్కులు, శకునాలు అంటే మండిపడే మనిషి.

అత్తమ్మ మంచం అంచున కూలబడింది.

"నేను గూడ ఒకటి అనుకున్న బిడ్డా" అంది. "నీ కాన్పు అయ్యేదాక చాయ్ ముట్టనని ప్రభువుకు మాటిచ్చిన. మొన్న తుక్కుగూడల మా అక్క కప్పు చేతుల పెట్టింది. మాటలల్ల పడి తాగేసిన. సగం తాగినంక యాదికొచ్చింది. గప్పటిసంది నాకు కంటి మీద కునుకు లేదు. నీ మొఖం చూడాలంటెనే భయమైతున్నది."

ఒకరి ముఖం ఒకరు చూసుకున్నాం. నాకు ఏడుపులోనే నవ్వొచ్చింది. ఆమె నవ్వలేదు. కొంగుతో ముక్కు తుడుచుకుని లేచి, నా రెండు చేతులూ పట్టుకుంది.

"నీదీ పాయె, నాదీ పాయె. పట్టుకునేతందుకు ఇగ ఏం లేదు. ఆ డాక్టరమ్మ చెప్పినట్టు లే, జర నడుద్దాం."

లేచాను. ఆమె నా ముందు వెనక్కి వెనక్కి అడుగులు వేస్తూ, నా పాదాల మీంచి చూపు తియ్యకుండా గడప దాకా నడిపించింది. నేను ప్రతి అడుగుకూ ఆగి, లోపల ఏమైనా తెగిందా అని విన్నాను. ఏమీ తెగలేదు. మంచం దాకా తిరిగి వచ్చాక, ఇంకోసారి పోదామా అని నేనే అడిగాను.

నెలలు నిండాకే పాప పుట్టింది. నడిచినందుకు నిలిచిందో, నడిచినా నిలిచిందో ఎవరూ చెప్పలేరు.