బాబాయి తడిచొక్కా

మొన్న పూతకాలంలో నూజివీడు దగ్గర మా ఊరు వెళ్ళినప్పుడు, చాట్రాయి దారిలో ఉన్న మా మామిడితోటలో పురుగుమందు కొట్టి మా తమ్ముడి కొడుకు ఇంటికొచ్చాడు. చొక్కా తడిసి వీపుకు అతుక్కుని ఉంది. ఆ మందు ఘాటు గుప్పున ముక్కుకు తగిలింది. ముందా చొక్కా విప్పి సబ్బుతో ఒళ్ళు కడుక్కోమన్నాను. వాడు మారు మాట్లాడకుండా విప్పి కంచె మీద పడేసి పంపు దగ్గరికి వెళ్ళిపోయాడు. నేను మాత్రం ఆ చొక్కా వంకే చూస్తూ అరుగు మీద కూర్చుండిపోయాను.

మా రోజుల్లో ఎంసెట్ రాసిన ప్రతి పిల్లా డాక్టరే కావాలని ఇంట్లోవాళ్ళ పట్టుదల. ఆ బాధ మీలో చాలామందికి తెలిసిందే. నాకు ర్యాంకు చాలక బి.ఫార్మసీలో చేరాను. ఎవరైనా అడిగితే నాన్న, మెడిసిన్ రాలేదండీ, ఏదో మందుల చదువు అని మాట తప్పించేవారు. చుట్టాలైతే మందులషాపు ఎప్పుడు పెడతావంటూ నవ్వేవాళ్ళు. ఆ చదువును చదువుగా చూసింది నాన్న తమ్ముడు, మా బాబాయి ఒక్కడే. నా ట్రంకుపెట్టె స్కూటరు మీద పెట్టుకుని కాలేజీ దాకా వచ్చి దింపిందీ ఆయనే, సెలవులకు వస్తే చిన్నరసం మామిడిచెట్టు కింద కూర్చోబెట్టుకుని ఈసారి ఏం నేర్పారో చెప్పమనేదీ ఆయనే.

ఫార్మకాలజీ ల్యాబులో మాకో తెల్ల కుందేలు ఉండేది. దాని కంట్లో మందుచుక్క వేసి, టార్చిలైటు వెలుగులో స్కేలు పెట్టి కంటిపాప కొలిచేవాళ్ళం. ఒక మందుకు పాప విచ్చుకునేది, ఇంకో మందుకు సూదిమొనంత అయిపోయేది. మామిడి మీద కొట్టే పురుగుమందులు చాలావరకు ఈ రెండోదానికి చుట్టాలేననీ, తాగక్కర్లేదు, చర్మంలోంచి కూడా ఒంట్లోకి పోతాయనీ, అలాంటప్పుడు ముందు బట్టలు తీసేసి కడగాలనీ, విరుగుడు అట్రోపిన్ ఇంజెక్షననీ మా మేడం చెప్పిన రోజు నాకు మా ఇల్లే గుర్తొచ్చింది. మా ఇంట్లో ఆ డబ్బాలు బియ్యం బస్తాల పక్కనే ఉండేవి. సెలవుల్లో ఇదంతా బాబాయికి పూసగుచ్చినట్టు చెబితే, శ్రద్ధగా విని, "పాపం, ఆ కుందేలుకి కళ్ళు పోవు కదమ్మా?" అని అడిగాడు.

మూడో ఏడు పూతకాలంలో నేను ఇంటి దగ్గరే ఉన్నాను. తేనెమంచు పురుగు పట్టిందని బాబాయి పొద్దున్నే మందు కొట్టడానికి వెళ్ళాడు. పెద్ద చెట్లకు మందు అందాలంటే గెడకర్ర చివర గొట్టం కట్టి పైకి కొట్టేవారు. గాలి తిరిగితే అదంతా కొట్టేవాడి మీదే కురిసేది. తడిసిన చొక్కాను ఒంటి మీదే ఆరనివ్వడం మా వైపు మగవాళ్ళకు అలవాటు, దానికోసం పని ఆపితే నవ్విపోయేవాళ్ళు. మధ్యాహ్నానికి బాబాయి తూలుతూ వచ్చి అరుగు మీద వాలిపోయాడు. వాంతులు, నోటివెంట చొంగ, ఒళ్ళంతా చెమట. ఖాళీ కడుపుతో పనిచేసి పైత్యం చేసిందని నాయనమ్మ నిమ్మకాయ నీళ్ళు కలిపింది, ఒళ్ళు చల్లబడుతోందని ఆ తడిచొక్కా మీదే దుప్పటి కప్పింది. నేను ఆయన కళ్ళలోకి చూశాను. పాపలు సూదిమొనల్లా ఉన్నాయి.

చొక్కా విప్పి సబ్బుతో కడగండి, వెంటనే నూజివీడు ఆసుపత్రికి తీసుకెళ్ళండి, ఇది పురుగుమందు ఒంటికెక్కడం, పైత్యం కాదు అని మొత్తుకున్నాను. నాయనమ్మ నా చెయ్యి పట్టి లాగేసింది. "చెమటలు పోస్తున్న మనిషికి చన్నీళ్ళేంటే, చంపుతావా?" అంది. నాన్న నావైపు తిరిగి, "డాక్టరు సీటొచ్చినదానిలా మాట్లాడకు, లోపలికెళ్ళు" అన్నారు. ఊళ్ళో ఉన్న ఆర్.ఎం.పి. వచ్చి నాయనమ్మ మాటే తన మాటగా చెప్పి సెలైను పెట్టాడు. పెరటి చెట్టు వైద్యానికి పనికిరాదంటారు, నేను మా ఇంటి పెరటి చెట్టునే.

సాయంత్రానికి ఊపిరి గురగురలాడటం మొదలయ్యాక జీపు పిలిచారు. నూజివీడులో డాక్టరుగారు కంట్లో లైటు వేసి చూసి, మరుక్షణం కత్తెర తెప్పించి చొక్కా కోయించారు. "ఇంతసేపూ దీన్ని ఒంటి మీదే ఉంచారా?" అని ఆయన నాన్నను అడిగారు. అట్రోపిన్‌తో బాబాయి బతికాడు. కానీ కొన్ని వారాలకు కాళ్ళు పట్టుతప్పాయి, పాదాలు ఈడ్చుకుంటూ నడిచేవాడు. ఆ ఆలస్యం వల్లేనా అంటే డాక్టరుగారు చెప్పలేమన్నారు. నా మనసుకు మాత్రం సందేహం లేదు. చెట్టుచెట్టునూ తడిమి చూసుకునే మనిషి, మిగిలిన జీవితమంతా తోట మొదట్లో మంచం వేయించుకుని, కాపు ఎలా ఉందో వచ్చేపోయేవాళ్ళని అడిగి తెలుసుకున్నాడు.

నన్ను ఎక్కువ కాల్చింది ఇది కాదు. కొన్నాళ్ళు పోయాక చుట్టాలందరి ముందూ నాయనమ్మ, "అంత తెలిసినదానివి గట్టిగా చెప్పొద్దుటే?" అంది. నాన్న కూడా అవునన్నట్టు తల ఊపారు. వాళ్ళిద్దరూ ఇప్పుడు లేరు. అయినా ఆ మాటకు నేను వాళ్ళను క్షమించలేదు, క్షమించానని మీ దగ్గర అబద్ధం ఆడను.

తర్వాత మందుల కంపెనీలో ఉద్యోగం చేసి రిటైరయ్యాను. ఇవాళ మా చుట్టాల్లో ఎవరికి ఏ మాత్ర రాసిచ్చినా ఫొటో తీసి నాకు పంపుతారు, నేను సరేనంటేగానీ మింగరు. చదువు మారలేదు, ఆనాటి పాఠమే. వినే చెవులే ఆలస్యంగా వచ్చాయి.

మా తమ్ముడి కొడుకు పంపు దగ్గర స్నానం చేసి తల తుడుచుకుంటూ వచ్చాడు. ఎందుకని అయినా అడక్కుండా అలా విప్పేశావేంరా అన్నాను. "మందుల సంగతి నీకు తెలియక ఇంకెవరికి తెలుస్తుందత్తా?" అని లోపలికి పోయాడు. అదే ఇల్లు, అదే అరుగు. ఈ ఒక్క మాట ఆ మధ్యాహ్నం ఎవరైనా అని ఉంటే, బాబాయి తన కాళ్ళ మీద తోట చివరిదాకా నడిచేవాడు.